మదర్‌బోర్డు కొన్న రోజు

మా చైతన్యను ఇంట్లో కట్టిపడేయడానికే నేను ఆ కంప్యూటర్‌కు ఒప్పుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడాది ఎంపీటీసీ ఎన్నికలు సరిగ్గా మిరపకోతల్లో వచ్చిపడ్డాయి. మా ఆయన అమరేశ్వరరావు నిలబడతారని ముందే తేలిపోయింది. తెల్లవారేసరికి గుమ్మం ముందు పది బైకులు ఆగేవి. ఆ బైకుల వెనక సీట్లో మావాడు ఎక్కకుండా చూసుకోవడమే నా పని అయింది. వాడికి ఇరవై ఏళ్లు, ఇంజినీరింగ్ మూడో ఏడు. రాజకీయమంటే ఇష్టం లేదు, వాళ్ల నాన్న పిలిస్తే రానని చెప్పే ధైర్యమూ లేదు. వాడికున్న పిచ్చల్లా కంప్యూటర్ ఆటలు. ఎక్కడెక్కడి పిల్లలతోనో జట్టు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కాలేజీ దగ్గర నెట్ సెంటర్‌లో ఆడేవాడు. "నాకంటూ ఒక సిస్టమ్ ఉంటే గది దాటి రానమ్మా" అన్నాడొకసారి. నాకు కావాల్సిందీ అదే.

నామినేషన్ల ఆఖరి రోజు పొద్దున ఆయన మందిని వేసుకుని మండలాఫీసుకు బయలుదేరుతూ చైతన్యను కూడా రమ్మన్నారు. నాకు నడుం నొప్పిగా ఉందని, వాణ్ణి తోడు తీసుకుని నరసరావుపేట డాక్టరు దగ్గరికి పోతున్నానని అబద్ధం చెప్పాను. ఆయన నా మొహం వంక ఒక క్షణం చూసి, సరే పొమ్మన్నారు.

ఇన్నయ్యకు ముందురోజే చెప్పి ఉంచాను. ఎనిమిదికల్లా ఆటో తెచ్చాడు. ఇన్నయ్య మా వీధి చివర ఉంటాడు, నలభై ఎనిమిదేళ్ల మనిషి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన్ను అన్నా అనే పిలుస్తాను. ఎన్నికలొస్తే మా వాళ్లు మైకు కట్టి, జెండా కట్టి తిప్పేది ఆయన ఆటోనే. ఆ రోజు మాత్రం రెండూ విప్పించాను.

"డాక్టరు దగ్గరికి కాదన్నా, కంప్యూటర్ షాపుకి. మీ బావగారికి చెప్పమాకు" అన్నాను దారిలో.

"నాకెందుకు అలివేలమ్మా. నేను తోలేవాణ్ణి" అని నవ్వాడు.

మోయిన్ గారి షాపు బస్టాండు దగ్గర సందులో ఉంది. చిన్న గది, అద్దం తలుపు, లోపల ఏసీ. ఆయన గల్లా దగ్గర కూర్చుంటారు. మిషన్లు బిగించేది, విప్పేది వాళ్లమ్మాయి జెబా. తలకు స్కార్ఫు, చేతిలో స్క్రూడ్రైవరు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, బీటెక్ చదివిందట. ఇన్నయ్య ఎదురుగా రోడ్డు పక్కన ఆటో ఆపుకుని అందులోనే ఉండిపోయాడు.

అన్నీ ఒకేసారి కొనే ఉద్దేశం మాకు లేదు. "ముందు మదర్‌బోర్డు తేల్చుకో, మిగతావి నెమ్మదిగా తెచ్చుకోవచ్చు" అంది జెబా.

"బోర్డంటే ఏంది తల్లీ?" అన్నాను.

"అన్నీ దీనికే గుచ్చుకుంటాయి ఆంటీ. ప్రాసెసర్ పాతబడితే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ర్యామ్ చాలకపోతే ఇంకోటి గుచ్చుకోవచ్చు. బోర్డు తప్పు కొన్నామనుకోండి, మొత్తం విప్పదీయాల్సిందే." అలా అంటూ రెండు పెట్టెలు తెచ్చి గాజుబల్ల మీద పెట్టింది.

మొదటిది తెల్లది, అందంగా ఉంది. అంచుల్లో రంగురంగుల లైట్లు వెలుగుతాయట, వైఫై అందులోనే ఉందట. మావాడి కళ్లు దాని మీదే. రెండోది మొద్దుగా, నల్లగా ఉంది. లైట్లు లేవు, వైఫై లేదు.

"దీంట్లో ర్యామ్‌కు రెండే స్లాట్లు" అంది జెబా తెల్లదాన్ని చూపిస్తూ. "నల్లదాంట్లో నాలుగు. ఇప్పుడు రెండు పెట్టుకో, రేపు కావాలంటే ఇంకో రెండు."

"రెండు చాలు నాకు" అన్నాడు వాడు.

"ఇవాళ చాలు."

వాడు ఒప్పుకోలేదు. ఫోన్‌లో ఏదో వీడియో చూపించబోయాడు, అంతలో ఛార్జింగ్ అయిపోయి అది ఆరిపోయింది. ఇద్దరూ గంటకు పైనే వాదించుకున్నారు. ప్రాసెసర్ కూర్చునే చోట నల్ల మూత ఉంది. అది తీయబోతే జెబా వాడి చెయ్యి ఆపింది. దాని కింద సన్న పిన్నులు పదిహేడు వందలకు పైనే ఉంటాయట, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టేనట. వెనకవైపు చిన్న బటన్ ఒకటి చూపించింది. రెండేళ్ల తర్వాత కొత్త ప్రాసెసర్ కొంటే పాత బోర్డు దాన్ని గుర్తుపట్టకపోవచ్చట. అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి ఆ బటన్ నొక్కితే నేర్చుకుంటుందట. ఇవన్నీ నాకు ఎందుకు గుర్తున్నాయంటే, పొలం, ఓటు, కులం, కేసు లేని మాటలు రెండు గంటలపాటు విని ఎన్నేళ్లయిందో నాకే తెలియదు.

"సిస్టమ్ ఎక్కడ పెడతారు ఆంటీ?" అని నన్నే అడిగింది జెబా.

"మేడ మీద రేకుల గదిలో. ఏప్రిల్ వస్తే గోడ మీద చెయ్యి పెట్టినా కాలిద్ది."

"అయితే ఇది చూడండి." నల్ల బోర్డు తిప్పి అల్యూమినియం దిమ్మలు చూపించింది. "ప్రాసెసర్‌కు కరెంటు సర్దేది వీటి కింది భాగం. ఆటాడేటప్పుడు మండిపోద్ది. ఆ వేడి లాగేది ఈ దిమ్మలే. తెల్లదాని మీద చూడండి, రేకు ముక్క."

వేలుపెట్టి తడిమి చూశాను. "దువ్వెన లాగుందే" అన్నాను. జెబా నవ్వింది.

"మరి వైఫై?" అన్నాడు వాడు, ఇంకా తెల్లదాన్ని వదల్లేక.

"నెట్ డబ్బా వరండాలోనే ఉంది కదరా. వైరు మేడ మీదికి లాక్కుంటే పోలా?" అన్నాను.

వాడు నా వంక వింతగా చూశాడు. తర్వాత తెల్లదాన్ని పెట్టెలో పెట్టేసి, నల్లదాన్ని తన వైపు లాక్కున్నాడు. పెట్టె మీది నంబరు కంపెనీలో నమోదు చేస్తే వారంటీ వస్తుందని జెబా తన కంప్యూటర్‌లో కొట్టింది. వాడి ఫోన్ ఆరిపోయింది కాబట్టి నా నంబరిచ్చాం. ఓటీపీ వచ్చింది. అద్దాలు తెచ్చుకోలేదు నేను, ఫోన్ చెయ్యి చాపినంత దూరం పెట్టి ఆరంకెలూ చదివాను.

తిరిగొస్తుంటే ఊరు ఇంకా పది కిలోమీటర్లుందనగా ఆయన ఫోన్ చేశారు.

"యాడున్నారు? వాణ్ణి ఊళ్లోకి తీసుకురావద్దు. మండలాఫీసు ముందు గొడవైంది. అవతలి పార్టీ వెంకటకృష్ణకు తల పగిలింది. తొమ్మిది మంది మీద హత్యాయత్నం కేసు పెట్టారు. మనోడు మూడో ముద్దాయి."

"వాడు నాతో ఉన్నాడు కదండీ."

"నాకు తెలవదా? అప్పుడు నేను లోపల ఆఫీసరు ముందు కాగితాలిస్తున్నా. అక్కడ కెమెరా ఉంది. నన్ను పెట్టలేక వాణ్ణి పెట్టారు."

ఫోన్ పెట్టి నేను సంగతి చెబుతుంటేనే ఇన్నయ్య ఆటో తిప్పేశాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. రెండు గంటలు సందుల గుండా తోలి, క్రోసూరు రోడ్డు మీద నేను ఫోన్ చేసి రప్పించిన మా తమ్ముడి కారు దగ్గర దింపాడు. బాబును జాగ్రత్తగా చూసుకోమని చెప్పి, ఖాళీ ఆటోతో వెనక్కి వెళ్లిపోయాడు.

మా తమ్ముడికి అచ్చంపేటలో పత్తి గోడౌన్ ఉంది. దాని పై గదిలో చైతన్యను ఉంచారు. ఒకే కిటికీ, దానికి గోనెపట్టా. ఫోన్ తీసేసుకున్నారు. పదో రోజున మూడు బస్సులు మారి వెళ్లాను. గది నిండా పత్తిగింజల వాసన, వేడి. వాడు గెడ్డం పెంచుకుని చాప మీద కూర్చుని ఏదో చదువుతున్నాడు. చూస్తే మదర్‌బోర్డు పెట్టెలో వచ్చిన పుస్తకం. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో బొమ్మలున్న పుస్తకం.

"ఎన్నిసార్లు చదివావురా?"

"లెక్కలేదమ్మా. మామయ్య ఇంకేం తెచ్చివ్వడు." పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నేను షాపులో ఉన్నానని చెబితే పోద్ది కదా. ఎందుకు చెప్పరు?"

నేనూ ఇంట్లో అదే అడిగాను. మా పార్టీ పెద్దాయన, నియోజకవర్గమంతా చూసుకునే మనిషి, మా హాల్లో కూర్చుని ఉన్నప్పుడే అడిగాను.

"అమ్మా, నువ్వు చెప్పేది నిజమే" అన్నాడాయన మెత్తగా. "కానీ వీడొక్కడూ లేడని మనమే రుజువు చేశామనుకో, మిగతా ఎనిమిది మందీ ఉన్నారని ఒప్పుకున్నట్టే కదా. వాళ్లూ మన పిల్లలే. మనమూ వాళ్ల మీద కేసు పెట్టాం. ఎన్నికలయ్యాక రెండు పక్కలా కూర్చుంటారు. కేసుకు కేసు పోద్ది. అందాకా ఓపిక పట్టు."

"ఎన్నాళ్లు?"

"ఆరు నెలలు. మహా అయితే ఏడాది."

"వాడి చదువు?"

ఆయన టీ కప్పు కింద పెట్టి మా ఆయన వంక చూశాడు. మా ఆయన నా వంక చూడలేదు. "లోపలికి పో" అన్నారు. మర్నాడు ఆ ఎనిమిది మందిలో ఇద్దరి భార్యలు మా వసారాలోకొచ్చి కూర్చున్నారు. ఏమీ అనలేదు. మిరపకాయల తొడిమలు తీసుకుంటూ సాయంత్రందాకా ఉండి వెళ్లారు. ఎందుకొచ్చారో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకూ తెలుసు.

పదమూడో రోజున కల్లానికి పోతున్నానని చెప్పి నరసరావుపేట బస్సెక్కాను. షాపులో కెమెరా ఉందని నాకు గుర్తు. మోయిన్ గారు నా మాట పూర్తికాకుండానే తల అడ్డంగా ఊపారు.

"మేం వ్యాపారం చేసుకునేవాళ్లం అమ్మా. రేపు రెండో పక్కవాళ్లు వచ్చి షాపు ముందు నిలబడితే మా గతేంది? ఆ కెమెరా ఎట్లాగూ పదిహేను రోజులకు పాతది చెరిపేసుకుంటది. ఇంకో రెండు రోజులాగితే మీకూ బాధ ఉండదు, నాకూ ఉండదు."

"అబ్బా, చూపిద్దాం" అంది జెబా తండ్రితో.

"నువ్వు ఊరుకో బేటీ."

ఆ అమ్మాయి ఊరుకోలేదు. నన్ను కూర్చోబెట్టి కెమెరాలో ఆ రోజుది తీసింది. నేను, చైతన్య, రెండు పెట్టెలు, అన్నీ కనబడుతున్నాయి. మాటలు మాత్రం లేవు. మూలన తేదీ చూసి ఇద్దరం నీరుగారిపోయాం. ఎప్పటిదో ఇరవై ఏళ్ల కిందటి జనవరి ఒకటి అని ఉంది. లోపలి బ్యాటరీ పోయి, కరెంటు పోయినప్పుడల్లా ఆ డబ్బా గడియారం మొదటికొస్తోందట. బోర్డుకు బిల్లు కూడా మేం రాయించుకోలేదు.

జెబా వీడియో ముందుకు జరిపి, నేను ఫోన్ దూరంగా పెట్టి చదివే చోట ఆపింది. "మీ ఫోన్‌లో ఆ మెసేజీ ఉందా ఆంటీ? ఓటీపీ?"

ఉంది. నేను మెసేజీలు చెరపను, ఎలా చెరపాలో తెలియక. పదకొండూ నలభై రెండు, నామినేషన్ల ఆఖరి రోజు. మండలాఫీసు ముందు తల పగిలింది పదకొండుంపావుకు, అప్పటికే మేం షాపుకొచ్చి గంటన్నర.

ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో వీడియో ఎక్కించి, తలుపు దగ్గర చెప్పులేసుకుంది. మోయిన్ గారు ఆపబోయి, ఆపలేక, "బుర్ఖా వేసుకుని పో" అని మాత్రం అన్నారు.

మా స్టేషన్‌కు వెళ్లలేదు. పైన డీఎస్పీ గారి ఆఫీసుకు వెళ్లాం. ఆయన కొత్తగా వచ్చినాయన, మా జిల్లా మనిషి కాదు. ముందు జెబాను బయట కూర్చోమన్నారు. వీడియో పెట్టించి, మధ్యలో ఆపారు.

"ఇక్కడ మీ వేలు దేని మీద ఉంది?"

"అల్యూమినియం దిమ్మ మీద సార్. వేడి లాగిద్ది. ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం మీద ఉంటది."

ఆయన తలెత్తి చూశారు. వీడియో ముందుకు జరిపారు. "తెల్లది ఎందుకు పక్కన పెట్టేశారు?"

"ర్యామ్‌కు రెండే స్లాట్లు సార్. నల్లదానికి నాలుగు. మావాడు రెండు చాలన్నాడు. ఆ అమ్మాయి, ఇవాళ చాలు అంది. మా గది రేకుల గది, వేడికి తెల్లది ఆగదు."

"ఇక్కడ ఈ అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుందేం?"

"మూత తీయబోయాడు. కింద పిన్నులుంటాయి. వంగితే బోర్డు పోద్ది."

"ఇక్కడ ఫోన్ దూరంగా పెట్టి ఏం చూస్తున్నారు?"

"ఓటీపీ చదువుతున్నా సార్. అద్దాలు తీసుకుపోలేదు." ఫోన్ తీసి ఆ మెసేజీ చూపించాను.

తర్వాత నన్ను బయటికి పంపి జెబాను పిలిచారు. అవే ప్రశ్నలు అడిగారట. తిరిగి నేను లోపలికి వెళ్లేసరికి ఆయన మొహంలో బిగింపు కాస్త సడలింది. బోర్డు పెట్టె తెచ్చి ఇవ్వమన్నారు, సాక్ష్యం కింద ఉంచుకుంటామన్నారు. జరిగిందంతా అర్జీగా రాసి సంతకం పెట్టమన్నారు. రైటరు కాగితం తీశాడు.

"మీతో ఇంకెవరున్నారు ఆ రోజు?" అన్నారు డీఎస్పీ గారు.

ఊపిరి పీల్చి వదిలినంతసేపు పట్టిందేమో. ఆటో పార్టీ ఆటో. ఇన్నయ్య పేరు ఎత్తితే, ఇదంతా మా ఆయన ఆడిస్తున్నదని అనుకుంటారు. ఇంతదాకా వచ్చింది చెడిపోద్ది.

"మేమిద్దరమే సార్. బస్సులో వచ్చాం."

రైటరు రాశాడు. నేను సంతకం పెట్టాను.

చైతన్య పేరు తీసేశారు. పద్దెనిమిదో రోజున వాడు ఇంటికొచ్చి, స్నానం చేసి, కంచం నిండా పెట్టించుకుని తిన్నాడు. మా ఆయన ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. పెద్దాయన మా ఇంటికి రావడం మానేశాడు. నాకేం పట్టలేదు. వాడు మేడ మీద తిరుగుతున్న అడుగుల చప్పుడు వింటూ వంట చేసుకున్నాను.

ఇరవై రెండో రోజున ఇన్నయ్యను ఆటో స్టాండు దగ్గర పట్టుకుపోయారు.

కాగితంలో తొమ్మిది మంది ఉండాలి. మావాడి పేరు పోయింది. ఖాళీ అయిన చోట, ఎన్నికలకు మైకు కట్టుకుని తిరిగే మనిషి పేరు ఎవరో అందించారు. వెంకటకృష్ణ కూడా ఔను, ఇతన్ని చూశానన్నాడు. ఇన్నయ్య తరపున అడిగేవాళ్లు లేరు. మర్నాడే సబ్ జైలుకు పంపారు.

ఇన్నయ్య భార్య శౌరమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"అలివేలమ్మా, ఆ రోజు మా ఆయన మీతోనే కదా ఉంది. మిమ్మల్ని తోలుకుపోయిందే ఆయన. ఒక్క మాట మీరు చెబితే వదిలేస్తారంట."

"చెబుతా వదినా" అన్నాను. "రేపు పోయి చెబుతా."

ఆమె వెళ్లాక మా ఆయన్ను అడిగాను. ఎన్నాళ్లకో ఆయన నా ఎదురుగా కూర్చుని మాట్లాడారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వు నాకు చెప్పకుండా పోయి ఏం రాసిచ్చావ్? ఇద్దరమే, బస్సులో అని. ఇప్పుడు పోయి కాదు, ముగ్గురం, ఆటోలో అంటే వాళ్లేమంటారు? ముందు చెప్పిందీ అబద్ధమే అంటారు. మనోడు మళ్లీ మూడో ముద్దాయి. ఈసారి గోడౌన్ కాదు, జైలే. ఆలోచించుకో. నేను వద్దనను, పొమ్మనను."

ఆలోచించుకున్నాను. ఆలోచించుకుంటూనే ఉన్నాను. షాపు కెమెరా లోపలికే చూస్తుంది. ఇన్నయ్య రోడ్డవతల రెండు గంటలు ఎండలో ఉన్నాడు. ఏసీ గదిలో నా పక్కన ఖాళీ కుర్చీ ఉంది. అన్నా, లోపలికొచ్చి కూర్చో అని ఒక్క మాట అని ఉంటే ఆయన కూడా ఆ వీడియోలో ఉండేవాడు. పిలవాలని నాకు తోచనే లేదు. ఆ సంగతి పొయ్యి దగ్గర, కల్లంలో, బట్టలు ఆరేస్తూ ఎక్కడపడితే అక్కడ గుర్తొచ్చేది.

శౌరమ్మ రెండు రోజులకోసారి వచ్చేది. నేను రేపు అనేదాన్ని. తర్వాత ఎల్లుండి అన్నాను. ఆ తర్వాత ఆమె చెప్పుల చప్పుడు వినబడితే పెరట్లోకి వెళ్లి నిలబడేదాన్ని. ఎన్నికలయ్యాయి. మా ఆయన గెలిచారు. ఇంటి ముందు రంగులు చల్లుకున్నారు. ఆ తర్వాత నుంచి శౌరమ్మ రావడం మానేసింది.

చైతన్య కూడా ఇన్నయ్య మాట ఎత్తలేదు. వాడికి తెలియక కాదు. కాలేజీకి వెళ్లేవాడు, వచ్చేవాడు, తలుపేసుకునేవాడు. బోర్డు పోలీసుల దగ్గరే ఉండిపోయింది కాబట్టి మళ్లీ ఇంకోటి కొందామన్నాను. వద్దన్నాడు. ఎందుకురా అంటే, ఇప్పుడొద్దులే అని తప్పుకున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోకుండానే నెల గడిచిపోయింది. మిరపకోతలు అయిపోయాయి. రేకుల గది కాలడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం వాడు ఏదో పని మీద గురజాల వెళ్లి, తిరిగి నేరుగా వంటింట్లోకి వచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు.

"కోర్టు దగ్గర ఇన్నయ్య మామను చూశానమ్మా. వ్యాన్‌లోంచి దించుతున్నారు. చానా చిక్కిపోయాడు."

నేను కూర తిప్పుతూనే ఉన్నాను.

"నన్ను చూసి పిలిచాడు. తిడతాడనుకున్నా. కంప్యూటర్ బిగించావా బాబూ అని అడిగాడు."

పొయ్యి ఆపేశాను.

"బిగించానని అబద్ధమాడా. మంచిదయ్యా, బాగా ఆడుకో అన్నాడు. పోలీసాయన లోపలికి తీసుకుపోయాడు." వాడు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "నువ్వు చెప్పకపోతే నేను పోయి చెబుతానమ్మా. లోపలేస్తే వెయ్యనీ. గదిలో ఉండటం నాకు అలవాటైంది."

"నువ్వు కాదురా. సంతకం పెట్టింది నేను" అన్నాను.

అప్పుడే చీర మార్చుకుని బయలుదేరాను. ఆయన వరండాలో పేపరు చూస్తున్నారు. ఎక్కడికని అడగలేదు. నేను మెట్లు దిగుతుంటే పేపరు మడిచి, మొహం అటు తిప్పుకున్నారు.

డీఎస్పీ గారు నన్ను గుర్తుపట్టారు. చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు. ఆటో సంగతి, ఇన్నయ్య సంగతి, ఎందుకు దాచానో, అన్నీ చెప్పాను.

"ఇన్ని రోజులు ఎందుకు ఆగారు?"

"భయమేసింది సార్."

"ఇప్పుడు వెయ్యట్లేదా?"

"ఇప్పుడూ వేస్తోంది."

ఆయన పాత అర్జీ తెప్పించి నా సంతకం మీద వేలు పెట్టారు. "మీరే మీ మాట అబద్ధమంటున్నారు. ఇక ఇందులో ఏది నిజమో తేల్చేది నేను కాదు, కోర్టు. మీ అబ్బాయి పేరు మళ్లీ వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్."

"రాయండి అయితే" అని రైటరుకు చెప్పారు.

అలా ఇద్దరి పేర్లూ ఛార్జిషీటులో ఉన్నాయి. ఇన్నయ్యకు ఆ వారంలోనే బెయిలొచ్చింది. చైతన్యకు కూడా ఇచ్చారు. ప్రతి ఆదివారం స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టి రావాలి, జిల్లా దాటకూడదు. హైదరాబాద్‌లో ఏదో కంపెనీ నాలుగు నెలల శిక్షణకు వాణ్ణి తీసుకుంది, వెళ్లలేకపోయాడు. మదర్‌బోర్డు పెట్టెకు లక్కముద్ర వేసి కోర్టు గదిలో ఎక్కడో పెట్టారు. మా ఆయన ఎంపీటీసీగా ఊరంతా తిరుగుతారు. ఇంట్లో మాత్రం అన్నం ఒక్కరే తింటారు. మిగతా ఎనిమిది మంది ఇళ్లవాళ్లు మా గుమ్మం తొక్కడం మానేశారు. మోయిన్ గారి షాపు ముందు కొన్నాళ్లు ఎవరో బైకులు పెట్టుకుని నిలబడ్డారట. జెబా సాక్ష్యానికి వస్తానని ఫోన్‌లో చెప్పింది. ఆ వెనక మోయిన్ గారి గొంతు వినబడింది, ఏమన్నారో తెలియలేదు.

మొదటి వాయిదాకు గురజాల వెళ్లాం. కోర్టు వరండాలో ఒకటే బల్ల. శౌరమ్మ ముందే వచ్చి దాని చివర కూర్చుని ఉంది. ఇన్నయ్య చైతన్యను చూసి భుజం మీద చెయ్యి వేసి, చెట్టు కిందికి తీసుకెళ్లాడు. నా వంక చూసి తల ఊపాడు, అంతే. అలివేలమ్మా అనలేదు.

నిలబడటానికి ఓపిక లేక బల్ల రెండో చివర కూర్చున్నాను. మా మధ్య ఇద్దరు పట్టేంత చోటుంది. ఎండకు సిమెంటు గచ్చు మీంచి ఆవిరి లేస్తోంది. శౌరమ్మే ముందు మాట్లాడింది, వీధిలోకి చూస్తూ.

"మీరొచ్చి చెప్పారు. చెప్పలేదని ఎట్లా అంటా."

నేను కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాను.

"కానీ నలభై ఒక్క రోజులు ఆగి చెప్పారు. మీ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డప్పుడల్లా, మీరు పెరట్లో ఉన్నారని నాకు తెలుసు. ఆరేసిన బట్టల కింద మీ కాళ్లు కనబడేయి."

"వదినా" అన్నాను.

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. జరగమనలేదు, దగ్గరికి రమ్మనలేదు.

లోపలి నుంచి బంట్రోతు తలుపు దగ్గరికొచ్చి పేర్లు పిలిచాడు. ఒకటి మావాడిది, ఒకటి వాళ్లాయనది. చెట్టు కింద నుంచి వాళ్లిద్దరూ గబగబా వస్తున్నారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. అయినా బల్ల మీంచి ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం.